కాశీనగరం బూడిద పార

గజపతి జిల్లా కాశీనగరంలో, వంశధారకు దగ్గరగా ఉన్న మా అత్తవారింట్లో, నీళ్లు కాచే కట్టెల పొయ్యి పక్కన గోడకు ఆనించి మూరెడుకు కాస్త పైగా పొడవున్న చిన్న పార ఒకటి ఉంటుంది. పొయ్యిలో బూడిద తీయడానికీ, వానాకాలంలో చూరునీళ్లు పోయేందుకు పెరట్లో జానెడు కాలువ గీయడానికీ తప్ప దానితో వేరే పని లేదు. ఇంటిల్లపాదీ దానిని ‘జర్మనీ పార’ అంటారు. పెళ్లయిన కొత్తలో ఆ మాట విన్నప్పుడు, జర్మన్ సిల్వరు గిన్నెల పేరులాగే ఇదీ ఏ అంగడివాడో పెట్టిన పేరై ఉంటుందని నేను పట్టించుకోలేదు. ముప్పయ్యేళ్లు ఐటీఐలో ఫిట్టింగు పని నేర్పి, పదవీ విరమణ చేసి, పర్లాకిమిడిలో ఇంటిపట్టున కూర్చున్నాక గాని ఆ పార నా కంట సరిగా పడలేదు.

ఆ పేరు వెనుక మా ఆవిడ తాతగారి కథ ఉన్నది. ఆయన మద్రాసు శాపర్స్ అనే సైనిక ఇంజనీర్ల దళంలో పనిచేశారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై పర్లాకిమిడి ప్రాంతం అందులో కలిసినప్పటికీ, ఆయన మాత్రం పాత దారినే మద్రాసు వైపు వెళ్లి, బెంగళూరు కేంద్రంగా ఉన్న ఆ దళంలో చేరారట. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికాలో పోరాడిన నాలుగో భారత డివిజన్ ఇంజనీరు కంపెనీలలో మద్రాసు శాపర్స్ కూడా ఉండేవారు. 1943 మే నెలలో ట్యునీషియాలో జర్మన్, ఇటాలియన్ సేనలు ఆయుధాలు దించినప్పుడు రెండు లక్షలకు పైగా సైనికులు బందీలయ్యారు. జర్మన్ సేనాపతి ఫాన్ ఆర్నిమ్ లొంగినది ఆ నాలుగో డివిజన్‌కే. అంతమంది నడుముల నుంచి ఊడిన పారలలో ఒకటి తాతగారి పక్కచుట్టలో చుట్టుకొని, నౌపడా నుంచి చిన్న రైలెక్కి, కాశీనగరం చేరిందని ఇంట్లో చెప్పుకుంటారు. కథ నమ్మదగినదే. అయితే ఇంటి కథ వేరు, ఇనుము చెప్పే సాక్ష్యం వేరు. నేను రెండోదానిని మాత్రమే పరీక్షించగలను.

ఇటువంటి పార చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని దానిని తిప్పి, మసి తుడిచి, హిట్లరు సైన్యపు గద్ద ముద్ర కోసం వెతకడం. నేను ముందుగా ఇనుము కర్రను ఏ విధంగా పట్టుకున్నదో చూస్తాను. ముద్ర వేయడానికి ఒక పంచి, ఒక సుత్తి దెబ్బ చాలు; కావలసినవాడు పది నిమిషాలలో వేసుకోగలడు. అతుకు సంగతి అలా కాదు. దానిని అచ్చంగా అనుకరించాలంటే అచ్చులు కావాలి, ప్రెస్సు కావాలి, చీలలు కొట్టడం తెలిసిన చేయి కావాలి, అందుకు తగిన డబ్బు కావాలి. నకిలీ సరుకు చేసేవాడు పొదుపు మొదలుపెట్టేది సరిగ్గా అక్కడే. కాబట్టి నేను మొదట అతుకును, తరవాత కొలతను, ఆ తరవాత కర్రను చూసి, ముద్రను అన్నిటికన్నా చివర చూస్తాను.

ఈ చిన్న పారల వంశం డెన్మార్క్‌లో మొదలయింది. అంతకుముందు సైన్యాలలో తవ్వకపు పనిముట్లు ఎక్కువగా బండ్ల మీద వెనక వచ్చేవి. గుండ్లు కురుస్తున్న చోట నేలకు కరుచుకొని పడుకున్న సిపాయికి అవి అందేవి కావు. మాడ్స్ యోహాన్ బుక్ లిన్నెమాన్ అనే డేనిష్ అధికారి, ప్రతి సిపాయీ నడుముకు తగిలించుకోగల పొట్టి పారను రూపొందించి 1869లో పేటెంటు పొందాడు. మరుసటి ఏడాది డేనిష్ సైన్యం దానిని స్వీకరించింది. కొద్ది కాలంలోనే ఆస్ట్రియా, జర్మనీ, ఫ్రాన్స్, రష్యా సైన్యాలు అదే నమూనాను కొనో, అనుకరించో తమవి చేసుకున్నాయి. ఐరోపా సైన్యాల పొట్టి పారలు ఒకే తల్లి పిల్లల్లాగా కనిపించడానికి కారణం ఇదే. నలుచదరపు రేకు, పొట్టి కర్ర ఉన్నంత మాత్రాన జర్మన్ పార అనేయడం, నల్లకోటు వేసుకున్న ప్రతివాడినీ ప్లీడరు అనుకోవడం వంటిది. రైల్లో టికెట్లు చూసేవాడు కూడా నల్లకోటే వేసుకుంటాడు.

మన పొలం పారకూ, ఈ వంశపు పారకూ ఉన్న అసలు తేడా కామ బిగింపులో ఉన్నది. మన పారకు ఇనుప కన్ను ఉంటుంది. అందులో కామ దూర్చి, వదులైతే చీలిక కొట్టి, ఎండకు మరీ ఎండిపోతే రాత్రంతా నీళ్లలో నానవేసి సరిపెట్టుకుంటాం. అది లాగే పనిముట్టు. మట్టిని మన వైపు లాగుతున్నంతసేపూ బలం కన్నును మరింత బిగిస్తుంది. లిన్నెమాన్ పార పొడిచే పనిముట్టు. దానిని నేలలో గుచ్చి, మట్టిగడ్డను లేపడానికి కర్రను వెనక్కు వంచినప్పుడు, ఆ బలమంతా ఇనుము ముగిసి కర్ర మొదలయ్యే చోట పడి అక్కడ కర్ర విరుగుతుంది. అందువల్లనే రేకు నుంచి ముందు ఒకటి, వెనుక ఒకటి ఇనుప పట్టీలను కర్ర వెంబడి పైకి సాగదీసి, రెండు దవడల మధ్య చెరుకుగడను పట్టినట్టు కర్రను పట్టించి, ముందు పట్టీ నుంచి కర్ర గుండా వెనుక పట్టీ దాకా చీలలు దూర్చి రెండు వైపులా తల కొడతారు. జర్మన్ పాత నమూనాలో, అంటే మడతపడని పారలో, కనిపించే కట్టడం ఇది. మొత్తం పొడవు సుమారు 55 సెంటీమీటర్లు ఉంటుంది. రేకు అడుగు అంచు మొనదేలకుండా తిన్నగా ఉంటుంది. కర్ర కొసన, చెమట చేతిలోంచి జారిపోకుండా, గుండ్రటి గుబ్బ ఉంటుంది. ఇటువంటి సరంజామానంతటినీ కలిపి జర్మన్లు ‘షాంట్స్‌త్సోయిగ్’ అంటారు; కందకం తవ్వే పనిముట్లు అని అర్థం.

ఇక కాశీనగరం పార విషయానికి వస్తాను. పట్టీల మీద చీలలు మూడు ఉన్నాయి. పై రెండింటి తలలు పట్టీ మట్టానికి దాదాపు సమంగా ఒదిగి, చుట్టూ అంచు ఒకే తీరున ఉన్నాయి. కళ్లు మూసుకొని బొటనవేలి గోటితో పట్టీ పొడవునా రాస్తే చీల ఎక్కడ ఉన్నదో తెలియడానికి రెండోసారి రాయవలసి వస్తుంది. మూడోది, అంటే రేకుకు దగ్గరగా ఉన్నది, వేరే జాతి. దాని తల వానకు లేచిన పుట్టగొడుగులా ఒక పక్కకు ఒరిగి ఉన్నది. దాని మీద సుత్తి దెబ్బల ముఖాలు నాలుగైదు విడివిడిగా కనిపిస్తాయి. దాని చుట్టూ పట్టీ కాస్త లోపలికి సొట్టపోయింది. తుప్పు రంగు కూడా ఒకటి కాదు. మొదటి రెండూ పట్టీతో కలిసి ఒకే ముదురు గోధుమ రంగులో ఉండగా, ఇది మాత్రం ఎర్రగా, వేలికి అంటుకునేలా ఉన్నది. అది మెత్తని ఇనుప కమ్మీ ముక్కతో ఈ ఊళ్లోనే ఎవరో చేసిన మరమ్మతు. పనితనం బాగాలేదని నేను అనడం లేదు. అరవై, డెబ్బై ఏళ్లుగా బూడిద ఎత్తుతున్న పారకు అంతకన్నా మంచి చీల అక్కర్లేదు. గుబ్బ సగం పగిలిపోయి, పగిలిన ముఖం చేతుల చమురుకు నల్లగా నునుపుదేరింది.

నా అంచనా మీద నాకే పూర్తి నమ్మకం కుదరక పారను పర్లాకిమిడి తీసుకువెళ్లి, మా వీధి చివర కొలిమి పెట్టుకున్న కమ్మరికి చూపించాను. ఆయన దానిని దాగలి మీద పెట్టలేదు. కర్రను రెండు వేళ్లతో వేలాడదీసి, రేకును చిన్న సుత్తితో మెల్లగా తట్టి విన్నారు. గణగణమన్నది, కాని చివర సన్నగా జిర్రుమన్న శబ్దం వచ్చింది. “మంచి ఉక్కు మాస్టారూ, చీల ఒకటి వదులైంది, అదే ఆ జిర్రు” అన్నారు. తరవాత రేకును వెలుతురుకు అడ్డంగా పట్టి, “ఇది కాల్చి సాగగొట్టింది కాదండి, అచ్చులో నొక్కింది. సమ్మెట దెబ్బ ఒక్కటి చూపించండి, నా కొలిమి మీకిచ్చేస్తాను” అన్నారు. ఆయన మాటను నేను నా పద్ధతిలో సరిచూసుకున్నాను. అరుగుదల లేని చోట్ల, అంటే భుజాల దగ్గర, ఆరు చోట్ల వెర్నియరుతో మందం కొలిస్తే తేడా మిల్లీమీటరులో పదో వంతు కూడా లేదు. చేత్తో సాగగొట్టిన రేకు ఎంత నేర్పరి చేసినా మధ్యన మందంగా, అంచులకు పలచగా వస్తుంది. కనిపించని ఒక మూల ఆకురాయి ఆనిస్తే అది మెత్తని రేకును కొరికినట్టు కొరకక, జారి జారి పట్టుకున్నది. ఇవి రెండూ కలిస్తే ఇది ఊరి కొలిమిలోనిది కాదు, ప్రెస్సు ఉన్న కర్మాగారంలో గట్టిపరచిన ఉక్కు అని చెప్పవచ్చు. ఏ దేశపు కర్మాగారం అన్నది మాత్రం ఈ పరీక్ష చెప్పదు.

నా తప్పు ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. పార దొరికిన మొదటి రోజే, ఉత్సాహం ఆపుకోలేక, 80 నంబరు గరుకు కాగితం పెట్టి రేకు భుజాన్ని రుద్దేశాను. పది నిమిషాలు రుద్దాక తుప్పు కింద ఒక వంపు గీత కనిపించింది. అది 9 కావచ్చు, 0 కావచ్చు, ఏ అక్షరంలో సగమైనా కావచ్చు. దాని పక్కన ఉండవలసినవన్నీ అప్పటికే నా కాగితానికి అంటుకొని పొడిగా రాలిపోయాయి. ముప్పయ్యేళ్లు పిల్లలకు ‘కొలవకుండా కోయకు’ అని చెప్పినవాడిని, చూడకుండా గీకేశాను. చేయవలసిన పని ఇది: కిరసనాయిలులో ఒక రాత్రి నానవేసి, గోనెపట్టాతోనో, మెత్తని ఇత్తడి బ్రష్షుతోనో తుడిచి, చీకటి గదిలో టార్చి వెలుతురు ఏటవాలుగా వేసి చూడాలి. అక్షరాల గాట్లలోకి సన్నని తెల్లపొడి ఏదైనా రుద్దితే అవి తేలి వస్తాయి; ఈ పార విషయంలో ఆ పొడి కోసం ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు, పొయ్యిలోనే ఉన్నది.

ముద్రలు మిగిలి ఉన్న అదృష్టవంతుల కోసం నాలుగు మాటలు చెబుతాను. జర్మన్ చక్రవర్తి కాలపు సామానులో, అంటే 1918కి ముందరి వాటిలో, కిరీటం గుర్తు కింద అక్షరాలూ, రెజిమెంటు గుర్తులూ కనిపిస్తాయి. హిట్లరు కాలపు సామానులో గద్ద బొమ్మ కింద ‘డబ్ల్యు ఏ ఏ’ అనే అక్షరాలు, వాటి తరవాత ఒక అంకె ఉంటాయి. అది తయారీదారు గుర్తు అని చాలామంది పొరబడతారు. అది సైనిక ఆయుధ శాఖ తనిఖీదారు సరుకును పరీక్షించి ఒప్పుకున్నట్టు వేసిన ముద్ర. తయారీదారు పేరు, సంవత్సరం విడిగా ఉంటాయి. 1940 తరవాత పేర్ల బదులు చిన్న అక్షరాల సంకేతాలు వచ్చాయి. ముద్ర అసలుదా, కొత్తగా కొట్టినదా అన్నది గాటు అడుగు చెబుతుంది. ఇనుము పాతబడక ముందు పడిన ముద్ర అడుగున పాత రంగు, పాత తుప్పు ఉంటాయి. దాని అంచులు మిగతా రేకుతో పాటు అరిగి ఉంటాయి. తుప్పు పట్టిన రేకు మీద నిన్న కొట్టిన ముద్ర చుట్టూ చిన్న గట్టు లేచి ఉంటుంది, అడుగున లోహం శుభ్రంగా ఉంటుంది. అరిగిన రేకు మీద అరగని గద్ద కనిపిస్తే ఆ గద్దను నమ్మకండి.

కట్టడాన్ని బట్టి మొదటి యుద్ధపు పారనూ, రెండో యుద్ధపు పారనూ విడదీయడానికి ప్రయత్నించేవారిని నేను చూశాను. నా మట్టుకు నాకు అది వృథా శ్రమ అనిపిస్తుంది. మడతపడని నమూనా 1914లో ఉన్న రూపంలోనే, పెద్ద మార్పు లేకుండా, 1945 దాకా సిపాయిల నడుముకు వేలాడింది. పాత గిడ్డంగుల సరుకు కొత్త సైన్యానికి అందింది. సంవత్సరం కావాలంటే ముద్ర మీదనే ఆధారపడాలి, ముద్ర లేకపోతే సంవత్సరం లేదు. కాశీనగరం పార సంవత్సరాన్ని నేను స్వయంగా రుద్ది పారేశాను గనుక దాని వయసు గురించి ఇక నోరెత్తను.

పార ఏ దేశానిదో గుర్తించడం అంతకన్నా సులువు. మన వైపు ఇనుప సామానుల దుకాణాలలో ఎక్కువగా దొరికేది బ్రిటిష్ సరంజామా. అది పొరబడడానికి వీలు లేనిది. 1908 నాటి ఆ నమూనాలో ఇనుప తల వేరు, కర్ర వేరు. తలకు ఒక వైపు గునపం మొన, రెండో వైపు వెడల్పు రేకు, మధ్యన కన్ను ఉంటాయి. అది మన పారకూ, గునపానికీ పుట్టిన బిడ్డలా ఉంటుంది. దాని మీద కాకికాలు వంటి బాణం గుర్తు, దాని కింద ఆంగ్ల ‘ఐ’ అక్షరం ఉంటే అది భారత సైన్యపు ఆస్తి. అసలు చిక్కు రష్యన్ పారతో వస్తుంది. సోవియట్ సైన్యపు చిన్న పార మొత్తం పొడవు 50 సెంటీమీటర్లు, రేకు వెడల్పు 15 సెంటీమీటర్లు. అది కూడా లిన్నెమాన్ సంతానమే. పాతవాటికి రేకు నలుచదరంగా ఉండేది, తరవాతివాటికి అడుగున మొనదేలి అయిదు కోణాలు వచ్చాయి. మొన ఉంటే వెంటనే తెలుస్తుంది; లేకపోతే మొత్తం పొడవును, పట్టీల కొసలను జాగ్రత్తగా చూడాలి. ఇందులో టేపు ఒక చిన్న మోసం చేస్తుంది: 15 సెంటీమీటర్లకూ, 6 అంగుళాలకూ ఉన్న తేడా రెండున్నర మిల్లీమీటర్ల లోపే గనుక, అంచు అరిగిన రేకు వెడల్పు కొలిచి ‘ఇది మెట్రిక్ దేశానిది, ఇది అంగుళాల దేశానిది’ అని తీర్పు చెప్పడం కుదరదు.

మడత పారల కథ వేరు, అందులో నాకు చేతులు కాలాయి కూడా. 1938లో జర్మన్ సైన్యం ‘క్లాప్‌ష్పాటెన్’ అనే మడత పారను ప్రవేశపెట్టింది. దీని రేకు నలుచదరం కాదు, మొనదేలి ఉంటుంది. కర్రకూ రేకుకూ మధ్య ఒక కీలు, ఆ కీలును బిగించడానికి కర్ర చుట్టూ తిరిగే పెద్ద నట్టు ఉంటాయి. నట్టు వదులు చేసి రేకును తిన్నగా నిలిపితే పార, అడ్డంగా నిలిపి బిగిస్తే మన పార వంటి లాగే పనిముట్టు, పూర్తిగా మడిస్తే నడుముకు తగిలించుకునే మూట. ఆ నట్టు బేకలైటు అనే పాతకాలపు గట్టి ప్లాస్టిక్కుతో చేసినది. అమెరికన్లు ఈ ఆలోచనను తీసుకొని 1943 నమూనా తయారుచేశారు. వారి నట్టు లోహంతో చేసినది, రేకు మీద ‘యు ఎస్’ అని, తయారీదారు పేరు, సంవత్సరం ఉంటాయి. యుద్ధకాలంలో అమెరికన్ దళాలు బెంగాల్, అస్సాం వైపు పెద్ద ఎత్తున దిగి, వెళ్లేటప్పుడు సామాను ఇక్కడే వదిలారు కనుక, తూర్పు తీరంలో దొరికే మడత పార అమెరికన్‌దే కావడానికి అవకాశం ఎక్కువ. బరంపురంలో ఒక పాత ఇనుము దుకాణంలో కిలో లెక్కన తూచి ఇచ్చిన మడత పారను ఇంటికి తెచ్చి కడిగితే, లోహపు నట్టు, ‘యు ఎస్’ ముద్ర రెండూ బయటపడ్డాయి. దుకాణదారు దానిని ‘మిలిట్రీ సామాను’ అన్నాడే తప్ప ఏ దేశం పేరూ చెప్పలేదు; ఇంతవరకు నాకు దొరికిన అత్యంత నిజాయితీ గల వర్ణన అదే.

నిజాయితీ లేనిది ఆన్‌లైన్‌లో దొరికింది. ‘రెండో ప్రపంచ యుద్ధపు అసలు జర్మన్ మడత పార’ అని ఫొటోతో సహా పెట్టిన ఒక విక్రేత దగ్గర నాలుగున్నర వేల రూపాయలు పోసి కొన్నాను. ఫొటోలో గద్ద ముద్ర దగ్గరి నుంచి తీసి పెట్టాడు, కీలు ఉన్న వైపు మాత్రం నీడలో ఉన్నది. నాకు అప్పుడే అనుమానం రావలసింది. పార్శిలు విప్పి కీలు చూశాను. రేకుకు కీలు చెవులను అతికిన వెల్డింగు, పట్టుచీర అంచులాగా, మొదటి నుంచి చివర దాకా ఒకే వెడల్పున, ఒకే అలలతో సాగింది. అటువంటి గీత తీగ దానంతట అదే వచ్చే మిగ్ వెల్డింగుకు వస్తుంది. ఆ పద్ధతి 1948లో గాని పుట్టలేదు. కర్రను బిగించిన మరమేకు తల మీద ఆరు కోణాల నక్షత్రం ఉన్నది. ఆ నక్షత్రపు మరమేకులు 1967లో వచ్చాయి. కూడిక గుర్తు ఉన్న తల అయినా 1930ల నడుమ అమెరికాలో పుట్టినదే తప్ప జర్మన్ సిపాయి పారలో ఉండవలసింది కాదు; ఆనాటివాటికి ఒంటి గాటు తలలే ఉంటాయి. చివరగా ఒక గుండుసూదిని దీపం మీద ఎర్రగా కాల్చి నట్టు లోపలి వైపు ఆనించాను. సూది వెన్నలోకి దిగినట్టు దిగింది. బేకలైటు ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు. కాలిన సూది ఆనిస్తే మాడి, ఆస్పత్రిలో నేల కడిగే మందు వంటి ఘాటైన వాసన వేస్తుంది. ఈ పరీక్షకు తిరుగు లేదని మాత్రం అనుకోవద్దు. అటువంటి గట్టి ప్లాస్టిక్కు నేటికీ స్విచ్చులకూ, కుక్కరు పిడులకూ వాడుతూనే ఉన్నారు కనుక, కరగకపోతే అసలుదని కాదు, కరిగితే నకిలీ అని మాత్రమే. విక్రేతకు ఫొటోలు పంపితే, ‘మరమ్మతు చేసిన అసలు పార’ అని సమాధానం వచ్చింది. ఇప్పుడు దానితో మామిడి మొక్కకు పాదు చేస్తున్నాను. పనిముట్టుగా దానికి వంక పెట్టలేను.

కర్ర కూడా సాక్షియే, కాని కొంచెం తడబడే సాక్షి. ఐరోపాలో పనిముట్ల పిడులకు ఆష్ కర్ర, బీచ్ కర్ర విరివిగా వాడతారు. ఆష్ కర్ర కొసను నునుపు చేసి చూస్తే ఏటేటా పెరిగిన వలయాలు స్పష్టంగా, ప్రతి వలయం మొదట్లో పెద్ద రంధ్రాల వరుసతో కనిపిస్తాయి. బీచ్ కర్ర పక్కలను చూస్తే నువ్వులు చల్లినట్టు చిన్న చిన్న గోధుమరంగు చుక్కలు ఉంటాయి. మన సాల కర్రలోనూ, తుమ్మలోనూ అటువంటి రంధ్రాల వరుస కనిపించదు. అయితే టేకుకు వలయాలు ఉంటాయి కనుక, వలయాలు కనబడగానే విదేశీ కర్ర అని గంతులు వేయకూడదు; టేకును దాని రంగు, నూనె జిడ్డు, గీకితే వచ్చే తోలు వాసన పట్టిస్తాయి. కాశీనగరం పార గుబ్బ పగిలిన ముఖాన్ని తడి గుడ్డతో తుడిచి భూతద్దంతో చూస్తే రంధ్రాల వరుసలు కనిపించాయి; టేకు వాసన లేదు. చీల ఒకటి మారినా కర్ర మారలేదన్న మాట. పార చేతులు మారిన ఇన్నేళ్లలో కర్ర విరగకుండా ఉండడానికి, అది మట్టి పనికి కాక బూడిద పనికి పోవడమే కారణమై ఉంటుంది.

తోలు సంచులు మన వాతావరణంలో మిగలవు కనుక వాటి గురించి ఎక్కువ రాయను. జర్మన్ సిపాయి ఈ పారను ఎడమ తుంటి మీద తోలు చట్రంలో తగిలించుకొని, బాయినెట్టు ఒరను దానికే పట్టీతో కట్టుకునేవాడు. యుద్ధం ముదిరి తోలుకు కరువు వచ్చాక, కాగితపు పీచును నొక్కి తయారుచేసిన నకిలీ తోలు వాడారు. మా ఇంట్లో అటువంటిది ఉండేదట. కుక్క పట్టుకుపోయిందని అత్తయ్య చెప్పారు.

రెండు పట్టీల మధ్య చీలలతో బిగించిన కర్ర, నొక్కిన ఉక్కు రేకు, తిన్నటి అడుగు అంచు, గుబ్బ, అరిగిన అంచును లెక్కలోకి తీసుకుంటే 54 సెంటీమీటర్ల పొడవు, ఆష్ కర్ర: ఇన్నీ ఒకే వైపు చూపుతున్నందున, కాశీనగరం పార జర్మన్ సైనికపు పాత నమూనా అని నేను ఒప్పుకున్నాను. ట్యునీషియాలో దొరికిందా, ఇటలీలోనా, దారిలో మరొక సిపాయి దగ్గర కొన్నారా అన్నది ఇనుములో రాసి ఉండదు. ఈ సంగతి అత్తయ్యకు చెబితే, “మీ మావయ్య ఎప్పుడో చెప్పిన మాటే గదా బాబూ, దానికి నాలుగు రోజులు పట్టిందేటి? పళ్లెం పెట్టి బూడిద తీస్తుంటే వేళ్లు కాలిపోతన్నాయి, తెచ్చీ” అన్నారు. మూడో చీలను మార్చి కొత్తది కొడతానని కమ్మరి అన్నా నేను వద్దన్నాను. వదులైన చోట ఒక చుక్క నూనె వేసి, పారను మర్నాడే గుణుపురం రైల్లో కాశీనగరం వైపు వెళ్లే బంధువు చేతికిచ్చి పంపించాను.

గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఇళ్లలో ఇటువంటి పారలు ఉన్నవారు ఫొటో తీసి పంపితే చూసి చెబుతాను. ముద్ర ఫొటో తరవాత పంపినా ఫరవాలేదు. ముందుగా పట్టీలు కర్రను కలిసే చోటును ముందు నుంచి ఒకటి, వెనుక నుంచి ఒకటి, పక్కన స్కేలు పెట్టి ఒకటి పంపండి. గరుకు కాగితం మాత్రం ముట్టుకోకండి.